మెస్ బిల్లు ఆగితే ఆగేది ఎవరి చదువు?



వార్షికోత్సవం వస్తుందంటే మన హాస్టల్‌కు పెళ్లికళ వస్తుంది. గోడలకు సున్నం పడుతుంది. రంగు కాగితాల తోరణాలు కడతాం. ఆ ఒక్కరోజు సాంబారు చిక్కగా ఉంటుంది, చికెన్‌లో ముక్కలు వెతుక్కోవలసిన పని ఉండదు. పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎవరు ఏ మూల పడుకునేవారో, ఎవరి ట్రంకుపెట్టెలోంచి ఎవరు అటుకులు దొంగిలించారో చెప్పుకొని నవ్వుకుంటారు. పోతూ పోతూ ఒకరు రెండు ఫ్యాన్లు, ఒకరు యాభై ప్లేట్లు, ఇంకొకరు వాటర్ ఫిల్టరు ఇచ్చి పోతారు. ఫ్యాను రెక్కల మీద రాసిన దాత పేరును, కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడల్లా కింద పడుకొని చదివిన వాళ్లం మేము.

ఆ అన్నలందరికీ మేము రుణపడి ఉన్నాం. ఆ మాట ముందే చెప్పి, ఈ సంచికలో సాధారణంగా ఎవరూ ఎత్తని ఒక ప్రశ్న ఎత్తుతున్నాం. ప్రభుత్వ హాస్టల్‌లో ఫ్యాను దాత ఎందుకు ఇవ్వవలసి వచ్చింది?

మేమంటే ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్‌లో కలిసి ఉండి, తర్వాత కాలేజీ హాస్టళ్లలో తలదాచుకొని, ఇప్పుడు పీజీ దాకా వచ్చిన నలుగురం. మా నలుగురి ఇండ్లల్లోనూ డిగ్రీ పట్టా పట్టిన మొదటివాళ్లం మేమే. కలం పట్టింది ఒకరమే అయినా ఇక్కడి మాట నలుగురిదీ.

చిన్నప్పుడు మాకు మెస్ బిల్లు అంటే ఏమిటో తెలియదు. సాంబారు పలచబడితే వంటమనిషిని తిట్టుకునేవాళ్లం. గుడ్డు రాకపోతే వార్డెన్ సార్ ఇంటికి పోయిందని గుసగుసలాడుకునేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం సార్ మాలో ఇద్దరిని వెంటబెట్టుకొని కిరాణా కొట్టుకు పోయారు. నూనె డబ్బా, పప్పు సంచి మోసుకు రావాలి. షావుకారు తక్కెడ ముట్టలేదు. ఖాతా పుస్తకం తీసి సార్ ముందు పెట్టాడు. "సార్, నాలుగు నెలలది ఉంది. మీ మీద నమ్మకం లేక కాదు. నాకు సరుకు ఇచ్చేటోడు నన్ను అడుగుతున్నడు" అన్నాడు. మమ్మల్ని రోజూ గద్దించే సార్ మా ముందు తలదించుకున్నారు. చివరికి తన పూచీ మీద సగం సరుకు ఇప్పించుకొని వచ్చారు. ఆ రాత్రితో వంటమనిషి మీద మా కోపం పోయింది. మరి ఎవరిని అడగాలో తెలియడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది.

తెలిసింది ఇది. పిల్లల హాజరు లెక్కన వార్డెన్ నెలనెలా బిల్లు పెడతాడు. అది పై ఆఫీసుకు, అక్కడి నుంచి ట్రెజరీకి పోతుంది. ట్రెజరీలో టోకెన్ నంబరు పడుతుంది. టోకెన్ పడినంత మాత్రాన పైసలు పడినట్టు కాదు. పైన ఆర్థిక శాఖ విడుదల చేస్తేనే పడతాయి. ఈ నడుమ ఒక నెల గడవచ్చు, నాలుగు నెలలు గడవచ్చు. పొయ్యి మాత్రం రోజుకు మూడుసార్లు వెలగాలి. వంద మంది పిల్లల కడుపుకు టోకెన్ నంబరు చూపిస్తే ఊరుకోదు కదా!

బడ్జెట్ పుస్తకం తెరిచి చూస్తే అక్కడ కోత ఉండదు. కేటాయింపు నిండుగానే కనిపిస్తుంది. కోత జరిగేది ఆలస్యంలో. బాకీ పెరిగేకొద్దీ కిరాణా కొట్లో ధర మారుతుంది. నగదు పెట్టేవాడికి ఒక రేటు, ఖాతా రాయించుకునేవాడికి ఇంకో రేటు. మొదటి రకం పప్పు అడిగితే రెండో రకం వస్తుంది. అంటే ప్రభుత్వం చేసిన ఆలస్యానికి వడ్డీ పడుతూనే ఉంది. ఆ వడ్డీని పప్పులో నీళ్లుగా, ప్లేట్లో లేని గుడ్డుగా కడుతున్నది మన పిల్లలు.

ఇక వచ్చే పైసలైనా ఎన్ని? తెలంగాణలో 2024 దాకా దాదాపు ఏడేళ్లు మెస్ ఛార్జీలు మారలేదు. మూడు నుంచి ఏడో తరగతి దాకా నెలకు 950 రూపాయలు, ఎనిమిది నుంచి పది దాకా 1100, ఇంటర్ నుంచి పీజీ దాకా 1500. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. 2015 జనవరి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, అది మంచి పని, ఒప్పుకోవాలి. కానీ పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు, పాలు ఈ పైసల్లోనే రావాలి. పదో తరగతి పిల్లవాడికి రోజుకు 36 రూపాయల 66 పైసలు. బస్టాండులో ఒక ప్లేటు ఇడ్లీ, ఒక చాయ్‌తో అయిపోయే పైసలతో మూడు పూటల తిండి, సాయంత్రం గుగ్గిళ్లు. ఆ ఏడేళ్లలో బజారులో ఏ ధర అయినా మన కోసం ఆగిందా?

సబ్బు, పేస్టు, తల నూనె కోసం ఇచ్చే కాస్మొటిక్ ఛార్జీల కథ ఇంకా పాతది. అవి పదహారేళ్లు కదలలేదు. మగపిల్లలకు నెలకు 62 రూపాయలు. తల క్షవరం కూడా అందులోనే. ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లలకు 75. ఆ వయసు ఆడపిల్లకు నెలనెలా ఏమేమి అవసరమో ఆ 75 రూపాయలు రాసిన చేతికి తట్టలేదు.

2024 చివర్లో ప్రభుత్వం మెస్ ఛార్జీలు 40 శాతం పెంచింది. 950 కాస్తా 1330 అయింది, 1100 కాస్తా 1540, 1500 కాస్తా 2100. కాస్మొటిక్ ఛార్జీలు ఎనిమిది నుంచి పది చదివే మగపిల్లలకు 200, ఆడపిల్లలకు 275 అయ్యాయి. పెంచినవాళ్లను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాం. అయితే రెండు మాటలు. ఒకటి, 1540ని ముప్పైతో భాగిస్తే రోజుకు 51 రూపాయలే. దీన్ని మళ్లీ ఎప్పుడు సవరిస్తారు? ఇంకో ఏడేళ్లకా? రెండు, రేటు ఎంత పెంచినా బిల్లు నాలుగు నెలలు ఆగితే షావుకారు ఖాతా పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది. పెరిగిన అంకె గోడ మీద మెనూ చార్టులో ఉంటుంది, పాత సాంబారు గిన్నెలో ఉంటుంది.

పలచని సాంబారు ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. పైసలు ఆలస్యమైతే పోయేది రుచి ఒక్కటే కాదు, చదువుకునే గంటలు. మాకు జరిగిందే చెబుతాం. సబ్బులు రాని నెలల్లో గజ్జి పట్టేది. గజ్జి పట్టినవాడు వారం పది రోజులు బడికి పోడు. ఆ వారంలో చెప్పిన భిన్నాలు వాడికి మళ్లీ ఎవరూ చెప్పరు. బోరు మోటారు కాలితే రిపేరుకు మంజూరు వచ్చే దాకా తెల్లవారుజామున బకెట్లు పట్టుకొని వరుసలో నిలబడేవాళ్లం. అది స్టడీ అవర్ అని టైం టేబుల్‌లో ఉండేది. దుప్పట్లు చలి తగ్గాక వచ్చేవి. నోటు పుస్తకాలు దసరాకు వచ్చేవి. అప్పటిదాకా పాత పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి కుట్టుకునేవాళ్లం. ఒక్కొక్కటి చూస్తే చిన్న విషయమే. అన్నీ ఒకే పిల్లవాడి మీద పడితే పదో తరగతిలో అవే మార్కులై కనిపిస్తాయి. అప్పుడు అందరూ అనే మాట ఒకటే, "హాస్టల్ పిల్లలు, లెక్కల్లో వీక్" అని.

హాస్టల్ దాటి బడికి పోతే అక్కడా అదే కరువు. మేము పదిలో ఉన్నప్పుడు లెక్కలు చెప్పింది విద్యా వాలంటీరు. ఆయనకు నెలల తరబడి గౌరవ వేతనం రాలేదు. సంక్రాంతి తర్వాత ఆయన రావడం మానేశారు. ఆయనను ఏమీ అనలేం, ఆయనకూ ఇల్లు ఉంది. 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ టీచర్ల భర్తీ పూర్తయింది 2024 డీఎస్సీతోనే. 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి ఆ ఏడాది అక్టోబర్ 9న నియామక పత్రాలు ఇచ్చారు. ఈ నడుమ ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు పది దాటి, ఇంటర్ కూడా దాటిపోయాడు. ఇక బడి నిర్వహణకు సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు చూడండి. 31 నుంచి 100 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు. నెలకు రెండు వేల చిల్లర. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, పగిలిన కిటికీ, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోంచే రావాలి. అది కూడా విడతలుగా!

కాలేజీకి పోతే ఆకలి పేరు మారుతుంది. అక్కడ దాని పేరు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి. మాలో ఒకరు ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు. పీజీ కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు కావాలి. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు కాబట్టి సొంతంగా కడితేనే ఇస్తామంది కాలేజీ. వాళ్ల నాయిన రెండు మేకలు అమ్మి కట్టాడు. ప్రభుత్వం పైసలు వేసినప్పుడు తిరిగి ఇస్తామన్నారు. ఆ మేకలు ఇంకా తిరిగి రాలేదు. 2025లో సెప్టెంబర్‌లో ఒకసారి, నవంబర్‌లో మరోసారి ప్రైవేటు కాలేజీలే బకాయిల కోసం బంద్ పాటించాయి. బకాయి ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ నడుమ ఉంది. గేటు బయట నిలబడింది మాత్రం మనం. అంతకు ముందు, 2024 అక్టోబర్ 15న దసరా సెలవులు ముగిసి గురుకులాలకు వచ్చిన పిల్లలకు కొన్నిచోట్ల గేట్లకు తాళాలు కనిపించాయి. అద్దె బకాయిలు రాలేదని భవన యజమానులు వేసిన తాళాలవి.

ఇంత చెబితే మన పెద్దల్లోనే కొందరు ఒక మాట అంటారు. "మా రోజుల్లో ఇంతకన్నా అన్యాయం. పురుగుల అన్నం తిని చదువుకున్నాం. మేము పైకి రాలేదా?" వచ్చారు. మీ కష్టం ముందు మాది చిన్నదే. కానీ అన్నా, ఈ సంచికలో రాసేది ఎవరు? వేదిక మీద శాలువా కప్పించుకునేది ఎవరు? ఓర్చుకొని నిలబడిన వాళ్లే కదా. మధ్యలో పోయినవాడు వార్షికోత్సవానికి రాడు. అతనికి ఆహ్వాన పత్రిక ఏ అడ్రసుకు పంపాలో కూడా మనకు తెలియదు.

మాది నిజానికి ఐదుగురి బెంచీ. ఐదోవాడు లెక్కల్లో మా అందరికన్నా చురుకు. సార్ బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగేలోపు జవాబు చెప్పేవాడు. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. మేము ఊరు వెతుక్కుంటూ పోయి అడిగితే వాళ్ల అవ్వ అన్నది, "ఆడ కడుపు నిండుతలేదంటడు బిడ్డా. ఈడ నాతోని పత్తి ఏరితే ఇంత గంజన్న పోస్త గదా." మా దగ్గర జవాబు లేక తిరిగి వచ్చాం. ఇప్పుడు అతను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. కలిసినప్పుడల్లా, "మీరు గట్టోళ్లురా, ఓర్చుకున్నరు" అంటాడు. ఆ మాట మాకు పొగడ్తలా వినిపించదు. చదువుకు తెలివి కావాలి, శ్రద్ధ కావాలి. ఆకలిని ఎవరు ఎక్కువ ఓర్చుకుంటారో చూసే పరీక్ష ఎందుకు పెట్టాలి? ఆ పరీక్షలో నెగ్గినందుకు మేము గర్వపడాలా?

ఇంకో మాట కూడా వింటుంటాం, సర్కారు దగ్గర పైసల్లేవని. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యాశాఖకు 23,108 కోట్లు. వందలో ఏడున్నర రూపాయలు. దేశ ఆదాయంలో ఆరు శాతం చదువుకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. 1968 విద్యా విధానం ఆ మాటే చెప్పింది, 1986 విధానం చెప్పింది, 2020 విధానం మళ్లీ చెప్పింది. మా తాతల కాలం నుంచి మా దాకా అదే ఆరు శాతం వాగ్దానం నడుస్తూనే ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో కాపాడాలని రాజ్యాంగం 46వ అధికరణంలో ఉంది. మన వాటా నిధులు పక్కదారి పట్టకుండా ఉద్యమాలు చేస్తే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఖర్చు కాని నిధులను తర్వాతి ఏడాదికి కలపాలని కూడా అందులో ఉంది. దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 60 శాతం తానే భరిస్తానని కేంద్రం 2020 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఇన్ని చట్టాలు, ఇన్ని ఉత్తర్వులు ఉన్నాక పైసల్లేవన్న మాట సగమే నిజం. నెల తిరిగేసరికి ఏ బిల్లు ముందు చెల్లించాలన్న వరుస ఒకటి ఉంటుంది. ఆ వరుసలో మన బిల్లు చివర ఉంటుంది. ఎందుకంటే మన బిల్లు ఆగితే అడిగేవాడు లేడు. మన అమ్మానాన్నలు కూలికి పోకపోతే పూట గడవదు. పిల్లలు నోరు తెరిస్తే టీసీ ఇస్తారన్న భయం.

అడగగలిగిన వాళ్లు ఎవరు? ఈ సంచిక చదువుతున్న పూర్వ విద్యార్థులు. మీలో టీచర్లున్నారు, లాయర్లున్నారు, పోలీసులున్నారు, ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసేవాళ్లున్నారు. మీరు ఇచ్చే ఫ్యాను వద్దని మేము అనం. ఉక్కలో పడుకున్న పిల్లవాడికి ఈ రాత్రే ఫ్యాను కావాలి. కానీ ఒక సంగతి గుర్తు చేస్తాం. ఒకసారి మోటారు కాలితే అన్నలు చందాలు వేసుకొని బాగు చేయించారు. ఆ తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు "నీటి సమస్య లేదు" అని రాసుకొని పోయారు. సమస్య కాగితం మీద లేకుండా పోయింది కాబట్టి దానికి పైసలూ రాలేదు. మరుసటి ఏడు మోటారు మళ్లీ కాలింది. అన్నల దగ్గరికే మళ్లీ పోవలసి వచ్చింది. మన మంచితనం ప్రభుత్వం బాకీని మాఫీ చేసే రసీదు కాకూడదు.

అందుకే మా సూచనలు ఇవి. పూర్వ విద్యార్థుల సంఘం ఏ వస్తువు ఇచ్చినా, అది ప్రభుత్వం ఇవ్వవలసింది, ఇవ్వనందుకు మేము ఇచ్చాం అని ఒక కాగితం రాసి జిల్లా అధికారికి అందజేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. మూడు నెలలకు ఒకసారి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాలి. మన హాస్టల్ బిల్లు ట్రెజరీకి ఏ తేదీన పోయింది, పైసలు ఏ తేదీన వచ్చాయి అని రెండే ప్రశ్నలు అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని 2005 చట్టం చెబుతోంది. పేద కుటుంబాల వాళ్లకు ఫీజు కూడా లేదు. ఆ తేదీలను ప్రతి వార్షికోత్సవ సంచికలో దాతల జాబితా పక్కనే అచ్చు వేయాలి. మెస్ ఛార్జీలు ఏటా ధరలను బట్టి సవరించాలనీ, ప్రతి నెలా ఫలానా తేదీలోపు చెల్లించాలనీ అన్ని హాస్టళ్ల పూర్వ విద్యార్థులు కలిసి అడగాలి. ఉద్యోగులకు ధరలు పెరిగితే డీఏ ఉంటుంది. అన్నం తినే పిల్లవాడికి ఎందుకు ఉండకూడదు?

తమ్ముళ్లకు ఒక మాట. సాంబారు పలచగా ఉంటే ముందు వంటమనిషిని, కామాటిని తిట్టకండి. వాళ్ల జీతం వచ్చి ఎన్నాళ్లయిందో అడగండి. గజ్జి పట్టిందని, చొక్కా చిరిగిందని సిగ్గుపడకండి. సిగ్గుపడవలసిన వాళ్లు వేరే ఉన్నారు. ఎవరైనా సెలవుకు పోయి వారంలో రాకపోతే సార్‌కు చెప్పండి, మాకు ఫోన్ చేయండి. మేము మా ఐదోవాడి ఊరికి మూడు నెలల తర్వాత పోయాం. మూడో రోజే పోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాం.

వార్షికోత్సవం తర్వాత వచ్చే సోమవారం మేము నలుగురం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోతున్నాం. ఆగిన బిల్లుల వివరాలతో ఒక అర్జీ రాసి పెట్టుకున్నాం. అర్జీ చివర సంతకాలకు చాలా జాగా వదిలాం. ఉదయం పది గంటలకు హాస్టల్ గేటు దగ్గర ఉంటాం. వేదిక మీద ఉన్న అన్నలు, కింద కూర్చున్న తమ్ముళ్ల తల్లిదండ్రులు, వీలైన ప్రతి ఒక్కరూ రండి. రాలేనివాళ్లు ఈ రోజే సంతకం పెట్టి పోండి. కాగితం భోజనాల దగ్గర బల్ల మీద ఉంటుంది.